బుడంకాయ చెవి ఎలా చిరిగింది?

అనగనగా ఒక అడవిలో ఒక పెద్ద గుహ ఉండేది. వానాకాలం వచ్చిందంటే జంతువులన్నిటికీ అదే ఇల్లు. కానీ కొత్తగా వచ్చినవాళ్ళు ఊరికే దూరిపోతామంటే కుదరదు. గుమ్మంలో ముసలి ఎలుగవ్వ కూర్చునేది. "ముందు నీ కథ చెప్పు. అబద్ధం చెప్పావో, వానలోనే ఉండు" అనేది.

ఆ ఏడు బుడంకాయ అనే కుందేలు వచ్చింది. దాని ఎడమ చెవి సగం లేదు. పైన మబ్బులు కమ్ముకొస్తున్నాయి.

"నీ చెవికి ఏమైందిరా?" అంది ఎలుగవ్వ.

బుడంకాయ రొమ్ము విరుచుకుంది. "పులితో కొట్లాడాను అవ్వా! అది నా చెవి కొరికింది. నేను దాని మీసం పీకాను!"

"అబ్బో! మరి పులి నోరు ఏం వాసన వేసింది?"

పాపం, బుడంకాయ పులిని దూరం నుంచి కూడా చూడలేదు. "సంపెంగ వాసన" అనేసింది.

గుహంతా ఒకటే నవ్వు. కోతులైతే కిందపడి దొర్లాయి. మీరు నవ్వకండర్రా, మీరైతే ఏం చెప్పేవారో!

"పులి కాదు అవ్వా, గద్ద! మబ్బుల దాకా ఎత్తుకుపోయి వదిలేసింది."

"కాలు విరగలేదా?"

"మెత్తగా పడ్డాను."

"దేని మీద?"

"ఇంకో గద్ద మీద."

మళ్ళీ నవ్వులు. ఇంతలో టపటపా వాన మొదలైంది. బుడంకాయ తడిసి ముద్దయింది.

"ఇదే ఆఖరు" అంది ఎలుగవ్వ.

బుడంకాయకు ఏడుపొచ్చింది. "నిజం చెబితే నవ్వుతారు!"

"ఇప్పుడేమన్నా ఏడుస్తున్నామా?"

బుడంకాయ కళ్ళు తుడుచుకుని తలెత్తింది. "వాగు అవతల చిక్కుడు చేను ఉంది. మా అమ్మ వద్దన్నా వెళ్ళాను. కంచె కింద ఉచ్చులో చెవి ఇరుక్కుంది. 'అమ్మా' అని అరిచాను. ఎవరూ రాలేదు. చిరిగితే చిరిగిందని ఒక్క గుంజు గుంజాను. ఒక్క చిక్కుడుకాయ కూడా తినలేదు. ఇదే నా కథ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మూలనున్న జింక తన పిల్లను గబుక్కున దగ్గరికి లాక్కుంది. "వాన తగ్గగానే దీన్ని ఆ చేనుకే తీసుకెళ్దామనుకున్నాను. కంచెకు ఏ పక్కన ఉంది నాయనా ఆ ఉచ్చు?" అంది.

ఎలుగవ్వ పక్కకు జరిగి చోటిచ్చింది.

ఆ వానాకాలమంతా తల్లులు తమ పిల్లల్ని బుడంకాయ దగ్గరికే తెచ్చి, ఉచ్చు కథ చెప్పించుకున్నారు. నవ్వుకోవాలనిపిస్తే మాత్రం సంపెంగ పులి కథ అడిగేవారు.

నీతి: మన కథ ఎంత చిన్నదైనా తలెత్తుకుని ఉన్నదున్నట్టు చెప్పాలి. అది ఎవరి పిల్లను కాపాడుతుందో మనకేం తెలుసు!