సగం, సగం

దగ్గరికి రండమ్మా, ఇంకొంచెం దగ్గరికి. గుమ్మంలో నిలబడ్డ అన్నయ్యగారూ, చాప మీద చోటుంది, వచ్చి కూర్చోండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. ఊపిరి గురించిన కథ. మెల్లగానే చెబుతాను, మనసుపెట్టి వినండి.

సముద్రం ఒడ్డున ఒక మిషను ఆసుపత్రి. అక్కడ మత్తు డాక్టరు కృపామణిగారు. ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి శశాంక అనే కుర్ర డాక్టరు వచ్చాడు. చురుకైనవాడు, చెయ్యి మంచిది. అతను సూది వేస్తే గుచ్చినట్టే తెలిసేది కాదు. అతన్ని బాధపెట్టేది ఒకటే, గురువుగారి నెమ్మది.

నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూసే పరీక్ష ఉంటుంది కదా, ఎండోస్కోపీ. దానికి ఆవిడ రెండు మందులు వాడేవారు. ఒకటి భయం తీసి కునుకు తెప్పిస్తుంది. రెండోది నొప్పి తెలియనివ్వదు. మొదటిది కొంచెం ఎక్కించి ఆగేవారు. రోగికి ఏదో ఒక కథ మొదలుపెట్టి, "ఊఁ కొట్టు తల్లీ" అనేవారు. ఆ ఊఁ మత్తుగా సాగేదాకా చూసి, అప్పుడు రెండోది. అదీ కొద్దికొద్దిగా.

బయట బెంచీల నిండా జనం. లోపల కథలు. శశాంకకు కాలు నిలిచేది కాదు.

"మేడమ్, రెండూ ఒకేసారి ఇచ్చేస్తే పోదా? ఒక్కోటీ మామూలు మోతాదులో సగమేగా ఇస్తున్నాం. సగం, సగం కలిస్తే ఒకటే కదా?"

"మనిషి ఒంట్లో ఆ లెక్క కుదరదు నాయనా," అన్నారావిడ. అంతే.

అతనికి తెలియక కాదండీ. ఆ రెండూ కలిస్తే ఒకదాని బలం ఒకటి పెంచుతుందని పుస్తకంలో చదివాడు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. కానీ బెంచీల మీద జనాన్ని చూసినప్పుడు చదివింది వెనక్కిపోయేది.

ఒక గురువారం గురువుగారిని కాన్పుల వార్డుకి పిలిచారు. "నేను వచ్చేదాకా ఆగు" అని చెప్పి వెళ్ళారు. బల్ల మీద పోలమ్మ ఉంది. బజారులో ఎండుచేపలు అమ్ముకునే మనిషి. నోరు ఊరుకోదు.

"గొట్టం ఎంత లావుంటదయ్యా? మా ఆయన కాల్చే చుట్టంత ఉంటదా?"

"నీకసలు తెలియనే తెలియదులే."

"తెలీకపోతే ఎట్టా? మింగేది నేనా, నువ్వా?"

నర్సు ఫ్లోరమ్మ నవ్వింది. శశాంక రెండు సిరంజిలూ అందుకోవడం చూసి నవ్వు ఆపేసింది. "డాక్టరమ్మగారిని రానివ్వండి సార్."

"ఆవిడ వచ్చి కథ పూర్తిచేసేసరికి ఈమె బేరాలన్నీ పోతాయి సిస్టర్."

మొదటి సగం ఎక్కించాడు. వెంటనే రెండో సగం.

పోలమ్మ మాట్లాడుతూనే ఉంది. చేపల రేటు చెబుతోంది, పక్క గంపామె మీద చాడీ చెబుతోంది. ఒక మాట మధ్యలో ఆగిపోయింది.

"చూశారా? పసిపిల్లలా పడుకుంది," అన్నాడు శశాంక. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. వేలికి క్లిప్పు ఉంది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే తెర మీద అంకె నిక్షేపంలా ఉంది.

తలుపు తెరుచుకుంది. గురువుగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఊఁ ఏదీ?"

"నిద్రపోతోంది మేడమ్. అంకె బాగానే..."

"అంకె సంగతి ఎవడడిగాడు? రొమ్ము చూడు!"

రొమ్ము కదలడం లేదు.

ముందు పీల్చిన ఆక్సిజన్‌తో అప్పటిదాకా నిలబడ్డ అంకె అప్పుడు జారడం మొదలుపెట్టింది. యంత్రం కూత మారింది. పోలమ్మ పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. దేవుడా! శశాంక చేతిలోంచి సిరంజి జారి కింద పడింది. చదివిందంతా ఏమైపోయిందో, కొయ్యబారిపోయాడు.

గురువుగారు అతన్ని పక్కకు తోసెయ్యలేదు. అతని రెండు చేతులూ పట్టుకుని పోలమ్మ దవడ కింద పెట్టారు.

"పైకెత్తు. వదలకు."

మాస్కు బిగించి, దానికున్న సంచి నొక్కి గాలి పంపారు. ఫ్లోరమ్మ విరుగుడు మందులు ఎక్కించింది. "పోలమ్మా! గాలి పీల్చు! పోలమ్మా!" ఆ గదిలో అందరి ప్రాణమూ ఆ ఒక్క రొమ్ము మీదే ఉంది. ఎంతసేపో ప్రభువుకే తెలియాలి. చివరికి ఒక దగ్గు వచ్చింది. ఆ వెనక ఇంకొకటి.

పోలమ్మ కళ్ళు తెరిచింది. "ఏందమ్మా ఆ కేకలు? గొట్టం మింగేశానా?"

ఎవరూ నవ్వలేదు.

"మా చేతుల్లో తప్పు జరిగింది పోలమ్మా," అన్నారు గురువుగారు. "మందు ఎక్కువై నీ ఊపిరి ఆగింది. పరీక్ష ఇవాళ వద్దు."

పోలమ్మ తన రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసుకుంది. తర్వాత గోడకు ఆనుకుని ఉన్న శశాంకను చూసింది. "నీ తల్లిలాంటిదాన్ని కదయ్యా," అంది.

మర్నాడు పొద్దున్నే శశాంక సంచి సర్దుకుని వచ్చాడు.

"నేను వెళ్ళిపోతానమ్మా. ఈ చేతులతో ఇంకో మనిషిని ముట్టుకోలేను."

మేడమ్ అనడం మరిచిపోయి అమ్మా అన్నాడు, గమనించారా?

"వెళ్దువుగాని, ముందు లోపలికి రా," అన్నారావిడ. శుక్రవారం ఆవిడకు ఉపవాసం. కడుపు ఖాళీ. చాలాకాలంగా గుండెల్లో మంట ఉన్నా, పరీక్ష వాయిదా వేసుకుంటూ వచ్చారు. ఆ పొద్దున కళ్ళజోడు తీసి ఫ్లోరమ్మ చేతికిచ్చి, పోలమ్మ పడుకున్న బల్లే ఎక్కి పడుకున్నారు.

గొట్టం వేసే డాక్టరు తెల్లబోయాడు. "మత్తు ఎవరిస్తారు మేడమ్?"

"శశాంక."

ఫ్లోరమ్మ కళ్ళజోడుతోనే బల్ల దగ్గరికి వచ్చింది. "అమ్మా, నిన్ననే కదమ్మా..."

"నిన్న వాడినవే. రెండు మందులూ," అని ఆవిడ చెయ్యి చాపారు.

శశాంక అడుగు ముందుకు పడలేదు. "నాకు భయంగా ఉందమ్మా."

"తెలుసు నాయనా. మొన్న, ఈ భయం లేనప్పుడు అడిగుంటే, ఈ చెయ్యి ఇచ్చేదాన్ని కాదు."

అతను కళ్ళు తుడుచుకున్నాడు. చేతులు కడుక్కున్నాడు. మొదటి మందు కొంచెం ఎక్కించి, ఆవిడ రొమ్ము మీద చూపు నిలిపాడు. ఫ్లోరమ్మ రెండో సిరంజి అందించింది. అతను చూపు తిప్పకుండానే తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా కాదు సిస్టర్."

అమ్మలారా, అయ్యలారా, నేను చెప్పినదాంట్లో ఇంకేది మరిచిపోయినా ఫరవాలేదు. ఆ తల్లి బల్ల ఎక్కి చెయ్యి చాపింది చూశారా, ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. ఏదో ఒక రోజు మీ ముందుకు కూడా ఒకరు సంచి సర్దుకుని వస్తారు. ఆ రోజు మీ చెయ్యి చాపండి.