ఓబన్న నావి కాదన్న కుక్కలు

గుండ్లకొండ కింద ఒక వంక ఉంది. వానాకాలంలో గట్లు తెంచుకుని పారుతుంది. ఎండలు ముదిరితే ఇసుక తప్ప ఏమీ కనిపించదు. ఆ ఇసుకలో తవ్వుకున్న చెలమ నీళ్లే చుట్టుపక్కల జంతువులన్నిటికీ ఆధారం. చెలమకు పోయే దారి నక్క ఓబన్న దోసతోట గట్టు మీదుగా పోతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఓబన్న కష్టజీవే, కాదనలేం. బీడును దున్ని, బుట్టలతో మట్టి మోసి, దోసతోట వేశాడు. ఒక ఏడు వంకకు వరద వచ్చినప్పుడు రెండు కుక్కపిల్లలు కొట్టుకుపోతుంటే నీళ్లలోకి దిగి బయటికి లాగాడు. నల్లదానికి కర్రి అనీ, నుదుట తెల్లమచ్చ ఉన్నదానికి చుక్క అనీ పేర్లు పెట్టి, తోటకు కాపలా ఉంచాడు. అంతవరకు మంచి పనే. కానీ అవి పెరిగి పెద్దవైనా ఏనాడూ కట్టెయ్యలేదు. తోటకు కంచె కూడా వెయ్యలేదు. కుక్కలుండగా కంచె ఎందుకు దండగ అనేవాడు.

తోటకు ఈ పక్కన మేక బొల్లక్క కొట్టం. ఆమెకు పాలు మరవని పిల్లలు ఇద్దరు. రోజూ వాళ్లను వెంటబెట్టుకుని చెలమకు పోవాలి, రావాలి. కర్రీ చుక్కా గట్టు మీద పడుకుని ఉండేవి. అలికిడి వింటే చాలు, లేచి మీదికి ఉరికేవి. మొదట్లో కొంతదూరం తరిమి ఆగేవి. తరవాత తరవాత కొట్టం గుమ్మం దాకా తరమడం మొదలుపెట్టాయి. కుందేళ్లు ఆ దారి మానేశాయి. కోడిపెట్టలు దాహానికి రాళ్ల సందుల్లో తడి వెతుక్కునేవి. బొల్లక్కకు ఆ వీలు లేదు. తల్లి నీళ్లు తాగితేనే పిల్లలకు పాలు.

ఇరుగుపొరుగు అన్నాక మాటా మంచీ ఉండాలి గదా అని, ఆమె ఒక సాయంత్రం నాలుగు తుమ్మకాయలు పట్టుకుని ఓబన్న దగ్గరికి పోయింది. కుక్కల్ని పగటిపూట కట్టెయ్యమని, లేదా తోటలోపలే ఉంచుకోమని మెల్లగా అడిగింది. ఓబన్న ఆప్యాయంగా కూచోబెట్టాడు. తన కుక్కలు చీమకు కూడా హాని చెయ్యవని, వాటికి ఆటలెక్కువని, పిల్లలు పరిగెత్తకుండా నిమ్మళంగా నడిస్తే ఏమీ అనవని చెప్పాడు.

"మొరిగే కుక్క కరవదని పెద్దలు ఊరికే అన్నారా బొల్లక్కా?"

"మొరుగుతున్నంతసేపూ నాకూ ధైర్యమే ఓబన్నా. మొరగడం ఆపి పళ్లు చూపించినప్పుడే భయం," అంది బొల్లక్క.

ఓబన్న నవ్వేశాడు. చూస్తాలే అన్నాడు. ఏమీ చూడలేదు. మళ్లీ అడిగితే, పిల్లల్ని అదుపులో పెట్టుకోవడం చేతకాక తన కుక్కల మీద పడుతున్నావని విసుక్కున్నాడు.

ఒకరోజు ఎండ నడినెత్తికి రాకముందే బొల్లక్క పిల్లలతో చెలమ నుంచి తిరిగి వస్తోంది. గట్టు మలుపులో కుక్కలు రెండూ చప్పుడు లేకుండా వచ్చిపడ్డాయి. పెద్దపిల్ల తల్లి కడుపు కిందికి దూరింది. చిన్నది బెదిరి ఇసుకలోకి ఉరికింది. చుక్క దాని వెంటపడింది. కర్రి బొల్లక్కకు అడ్డం నిలిచింది. ఆమె కొమ్ములు వంచింది గానీ, ఏ పిల్లను వదిలి ఏ పిల్ల కోసం పోవాలో తెలియలేదు.

ఆ సమయానికి, బరువులు మోసి బతికే గాడిద సుంకన్న ఇసుకలో పొర్లుతున్నాడు. అదే అతనికి రోజు మొత్తంలో దొరికే సుఖం. పిల్ల అరుపు విని లేచాడు. వెనకాముందూ చూడకుండా పోయి పిల్లకూ చుక్కకూ మధ్య నిలబడ్డాడు. చుక్క ఎగిరి అతని వెనక్కాలు పిక్క పట్టుకుంది. సుంకన్న ఆ కాలు విదిలించలేదు. విదిలిస్తే కుక్క వదిలి మళ్లీ పిల్ల మీదికి పోతుందని ఓర్చుకున్నాడు. బొల్లక్క కొమ్ములతో కర్రిని నెట్టుకుంటూ వచ్చి చిన్నదాన్ని చేర్చుకున్నాక, అప్పుడు రెండో కాలు ఝాడించాడు. చుక్క పల్టీలు కొట్టింది. కుక్కలు రెండూ తోటలోకి పారిపోయాయి.

సుంకన్న కాలు వాచిపోయింది. కొట్టం నీడన పడుకున్నవాడు కొన్నాళ్లు లేవలేకపోయాడు. బొల్లక్క పసుపుకొమ్ము నమిలి గాయం మీద పెట్టింది. ఆమె కళ్లు తుడుచుకోవడం చూసి సుంకన్నే ఇబ్బంది పడ్డాడు.

"ఊరుకో బొల్లక్కా, నాది మొద్దు చర్మం," అన్నాడు.

"చర్మం సంగతి కాదన్నా. నా బిడ్డ ఇప్పుడు నీ పక్కన హాయిగా నిద్రపోతోంది. ఆ మాట తలుచుకుంటే కన్నీళ్లు ఆగడం లేదు," అంది ఆమె.

అప్పటినుంచి కొండ చుట్టూ తిరిగి, ముళ్లదారిన చెలమకు పోయి, అతనికి కూడా నీళ్లు తెచ్చిపోసేది. అది చూసి కుందేళ్లు గరిక తెచ్చాయి. కోడిపెట్టలు గాయం మీద వాలే ఈగల్ని పొడిచి తినేవి. ఇంతమంది తన కోసం రావడం సుంకన్న బతుకులో ఎన్నడూ లేదు. ఎవరికి ఏం చెప్పాలో తెలియక చెవులు ఆడించేవాడు.

ఆ చుట్టుపక్కల న్యాయం చెప్పే పెద్ద, ముసలెద్దు మైలయ్య. మాట నిదానం, అడుగు నిదానం. బొల్లక్క పోయి జరిగిందంతా చెప్పి, ఆ కుక్కల్ని కొండ అవతలికి తరిమేయించమని కోరింది. మైలయ్య నెమరు ఆపి, అవి ఏం తింటాయో ఎప్పుడైనా చూశావా అని అడిగాడు. దోసతొక్కలు నాకుతుండగా చూశానని, దగ్గరికి వచ్చినప్పుడు పక్కటెముకలు కనిపించాయని బొల్లక్క చెప్పింది. మైలయ్య మర్నాడు అందరినీ పెద్ద గుండురాయి నీడకు రమ్మన్నాడు.

అందరూ వచ్చారు. సుంకన్న కుంటుకుంటూ వచ్చాడు. ఓబన్న తోక దులుపుకుని ముందు వరసలో కూర్చున్నాడు. కుక్కలు రెండూ అతని వెంటే వచ్చి, నలుగురిలో కలవని వాళ్లలాగా తంగేడు పొద వెనక ఆగిపోయాయి.

మైలయ్య సూటిగా తీర్పు చెప్పాడు. సుంకన్న కాలు నయమయ్యేదాకా అతనికి మేతా నీళ్లూ కుక్కలవాళ్లే మోయాలి. అతని బరువులు కూడా వాళ్లే మోయాలి. ఇకమీదట కుక్కల్ని కట్టేసుకోవాలి.

గాడిద మోసే బరువు తన వీపు మీద ఊహించుకున్నాడు ఓబన్న. వెంటనే లేచి నిలబడ్డాడు.

"కుక్కలవాళ్లంటే ఎవరు పెద్దాయనా? అవి నావని ఎవరన్నారు? వంకలో కొట్టుకొచ్చిన దిక్కులేనివి. ధర్మానికి ఇన్ని తొక్కలు విసిరేస్తుంటాను. తొక్కలు వేసినంత మాత్రాన నావైపోతాయా? వాటి మెడలో తాడుందేమో చూడండి."

జంతువులన్నీ ఒక్కసారిగా గోలపెట్టాయి. మైలయ్య కొమ్ము ఊపి వాళ్లను ఆపాడు. ఓబన్నకు న్యాయంగా ఒక అవకాశం ఇచ్చాడు. తొందరపడవద్దని, బాగా ఆలోచించుకుని చెప్పమని అన్నాడు. తప్పు ఒప్పుకుంటే బరువు మోయడానికి తానూ ఒక భుజం ఇస్తానని కూడా అన్నాడు. ఓబన్న ఆలోచించలేదు. అవి తనవి కావని తోట మీద ఒట్టు పెట్టాడు.

"సరే. అయితే అవి ఎవరివీ కావు," అన్నాడు మైలయ్య. "ఎవరు పోషించి అదుపులో పెట్టుకుంటే వాళ్లవి. ఎవరైనా ముందుకొస్తారా?"

ఎవరూ ముందుకు రాలేదు. కుందేలు ఇంకొంచెం వెనక్కి జరిగింది. ఓబన్న మీసాల చాటున నవ్వుకున్నాడు. తరిమేస్తే మళ్లీ తన తోటకే వస్తాయని, ఎవరూ తీసుకోకపోతే తన దగ్గరే పడి ఉంటాయని అతని లెక్క.

బొల్లక్క సుంకన్న కాలు వంక చూసింది. కుక్కలంటే ఆమెకు ఇంకా భయమే. అయినా లేచింది.

"నేను పెట్టుకుంటాను తాతా. తరిమేస్తే ఇంకో చోట ఇంకో తల్లి పిల్లల మీద పడతాయి. ఆకలి తీరిస్తే ఏమవుతుందో చూస్తాను."

మేక కుక్కల్ని పెంచుతుందట అని ఓబన్న పగలబడి నవ్వాడు. మైలయ్య మాత్రం ఆమెకు తల వంచాడు.

ఆ సాయంత్రమే రాతితొట్టిలో రాగిసంకటి పిసికి, అందులో తన పాలు కలిపి, కొట్టం ముందు పెట్టింది. మైలయ్య ఒక పక్కా, సుంకన్న ఒక పక్కా నిలబడ్డారు. కుక్కలు దూరంగా ఆగి గుర్రుమన్నాయి. తరవాత వాసన పట్టాయి. తరవాత తలలెత్తకుండా తిన్నాయి. తొట్టి అడుగు నాకుతూ నాకుతూ చుక్క ఏడ్చేసింది. కర్రి చెప్పింది: పొద్దంతా అరిస్తే మాపటికి తొక్కలు దొరికేవట. కడుపు నిండిన కుక్క కాపలా కాయదని ఓబన్న అనేవాడట. దారిన పోయే ప్రతివాడూ దోసకాయల దొంగేనని చెప్పి పెంచాడట.

"మీకు ఆకలైతే మాత్రం, నా బిడ్డ ఏం చేసింది?" అని అడిగింది బొల్లక్క.

చుక్క మెల్లగా లేచి, భయపడుతూ పోయి, సుంకన్న గాయం దగ్గర తల నేలకు ఆనించింది. సుంకన్న ఉలిక్కిపడి కాలు ఎత్తాడు గానీ, తన్నలేదు. మళ్లీ కింద పెట్టాడు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి కాకపోయినా, పెంపకంతో వచ్చింది కూడా ఒక పూటలో పోదు. బొల్లక్క కొట్టం వెనక రాళ్లదడి కట్టించింది. పగలు కుక్కలు దడి లోపల, చీకటి పడ్డాక బయట. ఒకసారి కర్రి దడి దూకి కుందేలును తరిమితే, ఆ పూట తొట్టి పెట్టింది గానీ మాట్లాడలేదు. కర్రికి సంకటి గొంతు దిగలేదు. మరి దూకలేదు. కొన్నాళ్లకు కుందేళ్లు పాతదారిన పడ్డాయి. సుంకన్న మళ్లీ ఇసుకలో పొర్లాడు. తోడేలు ఒకటి కొట్టం వైపు వచ్చిందిగానీ, కుక్కల గొంతులు విని అటునుంచి అటే పోయింది. ఆ సంగతి తెలిసిన రోజు బొల్లక్క తొట్టిలో పాలు ఇంకొంచెం ఎక్కువ పోసింది.

ఓబన్న తోటలో దోసకాయలు పండి వాసన కొట్టాయి. కంచె లేదు, కాపలా లేదు. అడవిపందులు పడి కాయలూ తీగలూ ఏకం చేసి పోయాయి. తెల్లవారి ఓబన్న తోట చూసుకుని గుండెలు బాదుకున్నాడు. ఏడ్చుకుంటూనే బొల్లక్క కొట్టానికి వచ్చి, తన కుక్కల్ని తనకు పంపించమని అడిగాడు. చిన్నప్పుడు వరదలోంచి తీసింది తానేనని, పేర్లు పెట్టింది తానేనని, లోకమంతా ఎరుగునని చెప్పాడు.

బొల్లక్క గొడవపడలేదు. మైలయ్య దగ్గరికి తీసుకుపోయింది. మైలయ్య అంతా విని, ఓబన్నను ఒకటే అడిగాడు.

"ఆ కుక్కలు నీవైతే, సుంకన్న అన్నాళ్లు కుంటుతున్నప్పుడు బరువులు ఎందుకు మోయలేదు నాయనా? నీవి కాకపోతే ఇప్పుడెందుకు వచ్చావు?"

ఓబన్న తడబడి, కుక్కలవైపు తిరిగి, రమ్మని పేరుపేరునా పిలిచాడు. ఆ గొంతు వినగానే కర్రి తోక ఊగింది. లేచి రెండడుగులు ముందుకు వేసింది. బొల్లక్క అడ్డుపడలేదు. కర్రి అక్కడే ఆగిపోయింది.

"నీళ్లలోంచి తీశావు. చచ్చేదాకా మరిచిపోం," అంది కర్రి. "కానీ ఆ రోజు నలుగురిలో మేం నీవాళ్లం కాదన్నావే, అప్పుడు మేం పొద వెనకే ఉన్నాం. ఆ మాట మేమూ విన్నాం."

ఓబన్న తల దించుకుని తోటదారి పట్టాడు. తీగలు మళ్లీ పాకించాడు, కంచె మాత్రం వెయ్యలేదు. ఇప్పుడు పొద్దు వాలితే గట్టుమీద కూర్చుని తనే ఊళలు పెడుతూ కాపలా కాసుకుంటాడు. ఆ కూత వినిపించినప్పుడు చెలమ దగ్గర నీళ్లు తాగుతున్న బొల్లక్క పిల్లలు చెవులు రిక్కిస్తారు. పక్కన సుంకన్న ఉన్నాడని చూసుకుని మళ్లీ తాగుతారు. వెనక గట్టున కర్రీ చుక్కా కూర్చుని ఉంటాయి. బొల్లక్క రోజూ చివరన తాగుతుంది. తాగేముందు ఒకసారి వాళ్లందరి వైపూ చూస్తుంది.

నీతి: నష్టం వచ్చిన రోజున నాది కాదన్నవాడికి, అవసరం వచ్చిన రోజున నాదనే హక్కు లేదు.