మోచేతి లోతు సంచి

ప్రిస్కిల్లకు ఒకటే దిగులు. తుఫాన్లు మొదలయ్యేలోగా గుడి కప్పు మార్చాలి. రేకులు పదకొండు చోట్ల కారుతున్నాయి. కానుకలు చూస్తే మేకులకు కూడా చాలవు.

ఇది సెల్‌ఫోన్లు రాని రోజుల మాట. ఒంగోలు దాటాక, పొగాకు పొలాల మధ్య ఉన్న ఆ చిన్న సంఘానికి తిమోతి అయ్యగారు కాపరి. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. ఆయన దగ్గర సేవ నేర్చుకోవడానికి వచ్చింది ప్రిస్కిల్ల. గుంటూరు కాలేజీలో వక్తృత్వ పోటీల బహుమతులన్నీ ఆమెవే. ఏ చిక్కుకైనా మూడు కారణాలూ ఒక పరిష్కారమూ నాలుక చివర సిద్ధంగా ఉండేవి.

"తప్పంతా ఈ సంచిదే అయ్యగారూ," అంది ఓ శనివారం.

ఆరాధనలో అందరి ముందుకూ తిప్పే ఆ కానుకల సంచి అయ్యగారి భార్య బతికుండగా కుట్టింది. ముదురెరుపు ముఖమల్ గుడ్డ, పొడుగాటి కర్ర పిడి. చెయ్యి పెడితే మోచేతిదాకా దిగేది. పిడికిలి మూసి లోపలికి పంపాలి, తెరిచి బయటికి తియ్యాలి. అదీ ఆ ఊరి పద్ధతి. పెట్టేవాటిలో ఎక్కువ, పొగాకు ఏరి రకాలు కట్టే గ్రేడింగు షెడ్లలో పనిచేసే చేతులు. అందుకే సంచిలోపల ఎప్పుడూ పొగాకు వాసనే.

"ఎవరేం వేస్తున్నారో దేవుడికి తప్ప ఎవరికీ తెలీదు," అంది ప్రిస్కిల్ల.

"ఆయనకు తెలుస్తోందిగా, చాలదూ?"

"ఆయన రేకులు కొనిపెట్టడు కదండీ!"

అయ్యగారు నవ్వేశారు. "సరే తల్లీ. నీకు తోచింది చెయ్యి."

ఆదివారం సంచి పోయి, తళతళలాడే ఇత్తడి పళ్ళెం వచ్చింది.

"ఏం పాపా, పళ్ళెం పట్టుకొచ్చావు, అన్నం పెడతావా ఏంటి?" అని వెనక చాప మీంచి కేకేసింది దీవెనమ్మ. చాపంతా నవ్వు. దీవెనమ్మ షెడ్డు కూలీ. మైకు అక్కర్లేని గొంతు. ఆమె ఎత్తుకుంటే గానీ ఆ గుళ్ళో పాట మొదలయ్యేది కాదు.

పళ్ళెం పనిచేసింది. మేస్త్రీ వేసిన నోటు చూసి, రిటైరైన మాస్టారు అంతకంటే పెద్దది తీశారు. ఆయన్ని చూసి ఇంకొకరు. ప్రిస్కిల్ల గర్వంగా అయ్యగారి వైపు చూసింది. ఆయన వెనక చాప వైపు చూస్తున్నారు.

అప్పటికి ఆ ఏడాది గ్రేడింగు అయిపోయి, షెడ్లు మూసి నెల దాటింది.

మూడో ఆదివారానికి వెనక చాప సగం ఖాళీ. నాలుగో వారం దీవెనమ్మే లేదు. పాట ఇంకెవరో ఎత్తుకున్నారు. రెండో చరణానికల్లా శ్రుతి జారిపోయింది.

సాయంత్రం ప్రిస్కిల్ల దీవెనమ్మ ఇంటికి వెళ్ళింది. నెత్తిన ఒకటి, చంకన ఒకటి నిండు బిందెలతో దీవెనమ్మ ఎదురొచ్చింది.

"గుడికి రాలేదేం అత్తా?"

"మోకాళ్ళ నొప్పులు పాపా. అంత దూరం నడవలేకపోతున్నా."

ప్రిస్కిల్లకు ఒళ్ళు మండింది. అట్నుంచటే అయ్యగారి దగ్గరికొచ్చింది.

"బిందెలు మొయ్యడానికి లేని నొప్పి గుడికి రావడానికి వచ్చిందట! ఇవ్వాల్సొస్తుందని అండీ, ఇంకేం కాదు. వచ్చే ఆదివారం దీనిమీదే ప్రసంగం చేస్తా, చూడండి."

"చేద్దువుగాని. ముందు ఆ పళ్ళెం నువ్వే పట్టు," అన్నారాయన.

ఆ ఆదివారం కానుకల పాట మొదలవగానే అయ్యగారు వేదిక దిగారు. మెల్లగా నడిచి వెళ్ళి వెనక చాప మీద, దీవెనమ్మ కూర్చునే చోట కూర్చున్నారు.

పళ్ళెం ఆయన దాకా వచ్చింది.

అయ్యగారు మూసిన పిడికిలి పళ్ళెంలో పెట్టి తెరిచారు. ఏమీ లేదు. ఆ ఉత్త చేతిని అలాగే ఇత్తడి మీద ఉంచారు.

పాట సన్నగిల్లి ఆగిపోయింది. ముందు వరసల్లో తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. ఏ పోటీలోనూ తడబడని ప్రిస్కిల్ల పళ్ళెం పట్టుకుని అక్కడే ఆగిపోయింది. ఎటు చూడాలో ఆమెకు తెలీలేదు.

"అందరూ చూశారా తల్లీ?" అన్నారు అయ్యగారు, ఆమెకు మాత్రమే వినపడేలా. "అయితే ఇక ముందుకు పద."

ఆ రోజు ప్రసంగం ఆమె చెయ్యలేదు. గుడి ఖాళీ అయ్యాక అడిగింది.

"నిజంగానే లేవా అయ్యగారూ?"

"ఈ వారం లేవు. అప్పుడప్పుడూ ఉండవు."

"మరి ఇన్నాళ్ళూ?"

"ఇన్నాళ్ళూ సంచి ఉండేది."

ప్రిస్కిల్ల పళ్ళెం తీసి పక్కన పెట్టింది. "లేనప్పుడు చెయ్యి పెట్టడమెందుకండీ? ఊరుకోవచ్చుగా?" అంది.

"ఖాళీదైనా చెయ్యి అలవాటు తప్పకూడదు తల్లీ."

మర్నాడు ప్రిస్కిల్ల పెట్టె అడుగున ఉన్న సంచి తీసుకుని దీవెనమ్మ ఇంటికి వెళ్ళింది.

"అత్తా, దీనికి కుట్టు ఊడినట్టుంది. కాస్త వేసిపెడతావా?"

దీవెనమ్మ సంచిని అటూ ఇటూ తిప్పింది. కుట్టు ఎక్కడా ఊడలేదు. ఇద్దరికీ తెలుసు.

"వేస్తాలే," అంది దీవెనమ్మ. "ఇవాళ మోకాళ్ళు కూడా కాస్త నయంగానే ఉన్నాయి పాపా."

ఆ ఏడు కప్పు మారలేదు. తుఫాను రోజుల్లో చాపలు చుట్టేసి, గొడుగులు విప్పుకుని, కారే చోటల్లా బకెట్లు పెట్టుకుని పాడారు. ఎన్ని ఊళ్ళు తిరిగినా, ఎన్ని పెద్ద గుళ్ళు చూసినా, రేకుల మీద వాన పడితే ప్రిస్కిల్లకు ఇప్పటికీ ముందు వినిపించేది దీవెనమ్మ గొంతే.

ఫిబ్రవరిలో షెడ్లు తెరిచారు. మొదటి వారం కూలి చేతికందిన ఆదివారం, ప్రిస్కిల్ల పట్టిన సంచి వెనక చాప దగ్గరికి వచ్చింది. దీవెనమ్మ పిడికిలి మోచేతిదాకా దిగింది. కాసేపు లోపలే ఉంది.

ప్రిస్కిల్ల తలెత్తి, రేకుల చిల్లుల్లోంచి పడుతున్న ఎండను చూస్తూ నిలబడింది.