దానిమ్మ రాయబారం

ఒకప్పుడు దానిమ్మకాయ లోపల ఏమీ ఉండేది కాదు. వట్టి డొల్ల. నిజం! వేలితో తడితే టకటకమని చప్పుడొచ్చేది. మామిడికాయా జామకాయా దాన్ని చూసి పడీపడీ నవ్వేవి. "ఏమే డొల్లమ్మా, ఇవాళ కూడా కడుపులో గాలేనా?" అనేవి. పాపం, దానిమ్మ ముఖం ముడుచుకుని ఆకుల చాటున దాక్కునేది.

ఆ దానిమ్మ చెట్టు గవ్వలదిన్నె కోటలో, రాణి ఓబాంబ పెరట్లో ఉండేది. గవ్వలదిన్నెకి నీళ్లన్నీ ఎగువనున్న మబ్బుకొండ రాజ్యం నుంచి ఏట్లో వచ్చేవి. ఒక ఏడాది ఆ రెండు రాజ్యాల రాజులకీ మాటామాటా పెరిగింది. దేనికంటారా? వేటలో జింక ఎవరి బాణానికి పడిందని! మగవాళ్ల పంతాలు అలాగే ఉంటాయి మరి. మబ్బుకొండ రాజు ఏటికి అడ్డంగా కట్ట పోయించి, తూము మూయించేశాడు.

ఇంకేముంది? గవ్వలదిన్నెలో బావులు అడుగంటాయి. చంటిపిల్లలకి గొంతెండి ఏడుపు కూడా రావడం లేదు.

మన గవ్వలదిన్నె రాజు కానుకలు పంపాడు. మేలుజాతి గుర్రాన్ని పంపితే, "మా గుర్రాలు కుంటివనా?" అని అవతలి రాజు తిప్పి పంపాడు. బంగారు పిడి కత్తి పంపితే, "నన్నే బెదిరిస్తాడా?" అని మండిపడ్డాడు. దాంతో మన రాజుకీ తిక్క రేగింది. "ఇక యుద్ధమే! నాలుగో రోజు పొద్దున్నే బయల్దేరతాం" అన్నాడు.

"దాహంతో నిలబడలేని వాళ్లని తీసుకెళ్లి ఏం యుద్ధం చేస్తారండీ?" అంది ఓబాంబ. "ఒక్క కానుక నన్ను పంపనివ్వండి. రాజుకి కాదు, రాణికి."

"ఏం పంపుతావు?"

"కుంకుమ."

"కుంకుమా!" అని రాజు నోరు తెరిచాడు. ఓబాంబ అప్పటికే లేచి వెళ్లిపోయింది. ఆవిడ తెలివి ఎంతటిదో మీరే చూడండి.

ముందు వెండి భరిణె తీసింది. మళ్లీ లోపల పెట్టేసింది. "వెండిది పంపితే గొప్పలు పోతున్నామంటారు. మట్టిది పంపితే చులకన చేశామంటారు. ఏం చెయ్యను?" అనుకుంటూ పెరట్లో నిలబడింది.

"అమ్మా, నేనున్నాగా!" అంది దానిమ్మ కొమ్మ మీంచి. "ఎలాగూ నా కడుపు ఖాళీయే. ఇంత కుంకుమ పట్టదా?"

రాణి గబగబా కాయ కోసి, పైన చిన్న కంత చేసి, కుంకుమ నింపింది. మరి మూత ఏది? తన తల మీదున్న బుల్లి కిరీటం తీసి మూత పెట్టేసింది! అది చూసిన ముసలి దాసి సింగమ్మ గబుక్కున రాణి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, కిరీటం పంపితే ఓడిపోయామనుకోరూ?"

"అనుకోనీ సింగమ్మా. పిల్లలకి నీళ్లొస్తే చాలు. నువ్వే తీసుకెళ్లు."

సింగమ్మ వెళ్లేసరికి మబ్బుకొండ రాణి కోనమాంబ అంతఃపురంలో పేరంటాళ్లతో కూర్చుని ఉంది. ఆవిడ మహా గడుసు. పైగా, "గవ్వలదిన్నె నుంచి గడ్డిపోచ వచ్చినా ముట్టుకోకు" అని భర్త గట్టిగా చెప్పి ఉన్నాడు. సింగమ్మ కానుక అనలేదు, సంధి అనలేదు. మూత తీసి, "అమ్మా, బొట్టు పెట్టించుకోండి" అంది.

బొట్టు అనగానే ముత్తైదువ ఏం చేస్తుంది? ముఖం ముందుకు పెడుతుంది. కోనమాంబ కూడా అలవాటు కొద్దీ పెట్టేసింది! నుదుట బొట్టు దిద్దాక అప్పుడు చెప్పింది సింగమ్మ, "గవ్వలదిన్నె నుంచి మీ చెల్లెలు ఓబాంబ పంపారమ్మా" అని.

"ఓసి నీ అసాధ్యం కూలా!" అని కోనమాంబ ఉలిక్కిపడింది. ఏం లాభం? పెట్టించుకున్న బొట్టు చెరుపుకోలేదు కదా. మిగిలిన కుంకుమ పేరంటాళ్లకి పంచేసింది. భరిణె ఖాళీ అయింది.

ఇప్పుడు ఇంకో చిక్కు. పక్కింటివాళ్లు కూర పంపితే మనం ఆ గిన్నె ఖాళీగా తిరిగిస్తామా? ఇంత చక్కెరైనా వేసిస్తాం. రాణులకీ అంతే. "మన గొప్ప తెలియాలి" అని కోనమాంబ కెంపులు తెప్పించి దానిమ్మ నిండా పోయించింది. గలగలమనకుండా మధ్యమధ్య పసుపు గుడ్డలు అడ్డం పెట్టించింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దానిమ్మ కడుపు నిండింది. అయినా అది వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏమే, కెంపులు చాల్లేదా?" అంది రాణి.

"బాగున్నాయి తల్లీ. ఇన్నాళ్లూ నేను కోరుకుంది ఇదే. కానీ నేను వెళ్లగానే మా పిల్లలు ఏం తెచ్చావని నోరు తెరుస్తారు. దాహమన్నవాళ్ల నోట్లో రాళ్లు పొయ్యనా?"

కోనమాంబ చెయ్యి తనకు తెలియకుండానే నుదుటి బొట్టు మీదికి వెళ్లింది. దానిమ్మని చేతుల్లోకి తీసుకుని తిన్నగా కట్ట దగ్గరికి నడిచింది. అక్కడ ఏరు తూముని గుద్దుతూ, "నన్ను వదలండర్రా! నా పిల్లలు ఎండిపోతున్నారు!" అని గింజుకుంటోంది. రాణి దానిమ్మని నీళ్లలో ముంచగానే ఏరు ఎగబడి కెంపుల్లో దూరింది. ఒక్కో కెంపులో ఒక్కో చుక్క! రాళ్లన్నీ మెత్తబడి, నడుమ చిన్న గింజ మాత్రం మిగిలి, తియ్యగా అయిపోయాయి.

మబ్బుకొండ రాజు పరుగున వచ్చాడు. "ఎవరికోసం ఇదంతా?"

"నా చెల్లెలికి."

"నీకు చెల్లెలెక్కడిది?"

"ఇవాళే బొట్టు పంపింది. చెల్లెలి ఇంటికి నీళ్లాపి, ఈ బొట్టుతో అద్దంలో ముఖం ఎలా చూసుకోనండీ? తూము మీరు తీయిస్తారా, నన్ను తియ్యమంటారా?"

రాజు ఆ బొట్టు వంక చూశాడు. తర్వాత తలొంచుకుని, తూము కాపలావాళ్లతో "తీయండి" అన్నాడు.

కిరీటం మాత్రం కోనమాంబ ఉంచుకోలేదు. మళ్లీ మూత పెట్టి పంపేసింది.

నాలుగో రోజు పొద్దున గవ్వలదిన్నె రాజు నడుముకి కత్తి కట్టుకుంటున్నాడు. అప్పుడే పొలిమేరలో సింగమ్మ కనబడింది. ఆమె చేతిలో దానిమ్మ సంతోషం పట్టలేక, "నీళ్లొస్తున్నాయి!" అని పక్కున పగిలింది. పిల్లలు ఎగబడి ఆ కెంపులు నోట్లో వేసుకున్నారు. ఎండిన నాలుకలు తడిశాయి. వాళ్లు ఉమ్మిన గింజలు ఇంకా నేల మీద పడనేలేదు, వెనకాలే ఏరు వచ్చేసింది. రాజు కత్తి విప్పి పక్కన పడేశాడు.

ఓబాంబ కళ్లు తుడుచుకుని కిరీటం తీసుకోబోయింది. అంతలో ఆగి, దాన్ని దానిమ్మ నెత్తినే గట్టిగా నొక్కింది. "ఇది నీదేనే. నిన్ను చిటికెడు కుంకుమతో పంపితే ఏరునే తెచ్చావు" అంది.

అప్పటినుంచే దానిమ్మ నెత్తిన కిరీటం, కడుపులో పసుపు గుడ్డల మధ్య నీళ్ల కెంపులు. పండితే చాలు, ఆ కబురు దాచుకోలేక ఇప్పటికీ పక్కున పగులుతుంది. ఒలిచాక మీ వేళ్లు చూసుకోండి. ఎర్రగా అంటుకుని ఉంటుందే, అది ఓబాంబ పంపిన కుంకుమే.