కానుగ చిగిర్చిన నీడతల్లి వ్రతము

పర్ణవ్రతుడను ముని ఒకనాడు వృద్ధుడగు సుమేధ మహర్షిని సమీపించి, పెరటిలో నీడనిచ్చు చెట్టు దెబ్బతిన్నచో గృహస్థులు ఏ వ్రతము చేయవలెనని, పూర్వము ఎవరు చేసి ఫలము పొందిరని అడిగెను. మహర్షి ఇట్లు చెప్పెను.

వంశధార తీరమున ఒక పల్లెలో సూరమ్మ అను కుమ్మరి ఇల్లాలు కలదు. ఆమె పెరటి కానుగ నీడన పచ్చికుండలు మెల్లగా ఆరి, ఆవములో పగుళ్లు లేక కాలుచుండెను. ఊరిలో ఏ పెండ్లికైనను ఐరేని కుండలు ఆ ఇంటినుండియే వెళ్లుచుండెను.

ఒక శ్రావణమున ముసురు పట్టగా, పెండ్లికుండల తొందరలో ఆమె భర్త బంగారయ్య చెట్టు చాటున ఆవము పేర్చెను. సెగకు కానుగ ఒక ప్రక్క మాడిపోయెను. సూరమ్మ మేలైన జిగురుమన్ను తెచ్చి, తొక్కి, కాలిన ఒంటికి మందు పూసినట్లు మొదలు చుట్టును నేలమీదను జానెడు మందమున అలికెను. ప్రతిదినము చెట్టు మొదలువద్ద చెంబెడు నీరు పోసి పసుపు కుంకుమ పెట్టెను. అత్త పోలమ్మ మెచ్చుకొనెను. అయినను రెండవ ప్రక్క ఆకులు సైతము పండబారి రాలెను.

నీడ పోవుటచే పచ్చికుండలు ఎండకు నెర్రెలు విచ్చెను. ఒక పెండ్లిలో ఐరేని కుండ చేతిలోనే పగులగా, పెద్దలు నొచ్చుకొని మరుసటి పెండ్లికి పొరుగూరి కుమ్మరిని పిలిచిరి. బంగారయ్య తలవంపులపాలై, చెట్టు ఆవములో కట్టెలకైనను పనికివచ్చునని గొడ్డలి నూరెను. సూరమ్మ అతని చేయి పట్టుకొని ఉగాదివరకు గడువు అడిగెను.

ఆ మధ్యాహ్నమే, చెట్లనీడలను కాచు దేవతయగు నీడతల్లి ముసలి రూపమున వచ్చి దాహమడిగెను. నీరు త్రాగి, నున్నగా మెరయు నేలను చూచి,

"ఈ మన్ను నీరు పీలుస్తాదేటమ్మా?" అనెను.

"తొక్కినాక సుక్క దిగనియ్యదు మామ్మా. మా సేతి మన్ను అలాటిది," అని సూరమ్మ గర్వముగా పలికెను.

"మరి సెట్టు ఎలాగ తాగుతాది?"

సూరమ్మ వంగి, తాను అలికిన నేలను గోటితో గీరి చూచెను.

తల్లి వ్రతవిధానము తెలిపెను. అలికిన మన్నును వేళ్లు తెగకుండ చేతితో తీయవలెను. చెట్టు త్రాగునది మొదలువద్ద కాదు, కొమ్మల చివరల క్రింద. కనుక వారమునకొకసారి ఆ అంచు వెంట ప్రదక్షిణము చేయుచు, నేల లోతుగా తడియునట్లు నీరు పోయవలెను. రాలిన ఆకును ఊడ్వక, మొదలును తాకనీయక పరచవలెను. చచ్చిన కొమ్మ తప్ప కోయరాదు. బ్రతికినదో లేదో అని దినమును బెరడు గిల్లి చూడరాదు.

సూరమ్మ అట్లే చేసెను. ఏడవ వారమున చిగురు కనబడెను. అంతలో చుట్టములు వచ్చుచున్నారని పోలమ్మ సిగ్గుపడెను. "ఊడ్సని పెరడు సూసి ఏటనుకుంతారే కోడలా? మనుసులుంతన్నారా, పాములుంతన్నాయా?" అని ఆకులన్నియు చెట్టుక్రిందనే ప్రోగుచేసి కాల్చెను. మూడు దినములలో చిగుళ్లు ముడుచుకొనెను. సూరమ్మ తాను చేసిన అలుకుడు తలచుకొని, అత్తను ఒక్క మాట అనక, మొదటినుండి వ్రతము పట్టెను. అది చూచి పోలమ్మ చీపురు గోడకు చేర్చి, పొరుగిళ్లవారు ఊడ్చి పారవేయు ఆకును తట్టతో అడిగి తెచ్చెను. వారు నవ్విరి. ఆమె మానలేదు.

ఉగాదినాటికి కానుగ రెండవ ప్రక్క గుబురుగా చిగిర్చెను. మాడిన ప్రక్క తిరిగి రాలేదు. బంగారయ్య ఆ ఎండుకొమ్మలు మాత్రము రంపముతో కోసెను. సగము నీడయే కనుక, అది జరిగినకొలది ఆలుమగలు కుండలను జరిపిరి. ఒక్కటియు పగులలేదు. మరుసటి వైశాఖమున పెద్దలు వచ్చి ఐరేని కుండలు అడిగిరి.

కావున చెట్టు ప్రక్కన మంట పెట్టినవారు, మొదలు చుట్టు గచ్చు చేయించినవారు, మేకు కొట్టినవారు, మేలు చేయబోయి కీడు చేసినవారు ఈ వ్రతము చేయవలెను. చేసినవారి ఇంట చేసిన పని చెడదు, అత్తాకోడండ్రకు పొత్తు కుదురును. ఫలము ఆలస్యముగా వచ్చును, అందుకు చింతింపరాదు.

ఉద్యాపన ఎట్లని పర్ణవ్రతుడు అడుగగా మహర్షి ఇట్లనెను: ఎండనబడి వచ్చిన ఒకరిని, ఎవరైనను సరే, ఆ నీడన కూర్చుండబెట్టవలెను. వారు చెమట తుడుచుకొని "అమ్మయ్య" అనిననాడు వ్రతము సమాప్తము.