దొప్ప కల్లుకు కట్ట నేలవేము

నేను చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా, నాకు మిగిలిన రెండు పళ్ళూ ఇప్పుడే ఊడి ఒళ్ళో పడాలి.

కొండవార ఇప్పతోపులో నక్క ఇప్పపూలు నానబెట్టి కల్లు అమ్మేది. కుండంటే కుండా అది! ఏడు ఏనుగులు దిగి స్నానం చెయ్యొచ్చు. ఎలుగుబంటి పొద్దస్తమానం అక్కడే. అది ఒక్కసారి త్రేన్చితే మూడు కొండల మీద ఆకులు రాలేవి. తాగినవాళ్ళకి కడుపునొప్పులు, పడి కాళ్ళు విరగ్గొట్టుకోడాలు. వైద్యం చేసేది ముసలి ఎద్దు. మూలికలు చాలక అది అడవినంతా పిలిచి చెప్పింది:

“దొప్పెడు కల్లు తాగినవాడు కొండ మీంచి కషాయానికి ఒక కట్ట నేలవేము తేవాలి. అదే సుంకం. జబ్బుపడ్డవాళ్ళకి మాత్రం కషాయం ఊరికే.”

ఎప్పుడు తేవాలో చెప్పడం మరిచింది. నక్క ఆ సందు పట్టుకుంది.

“ఎలుగు మావా, ముందు తాగు. కట్టదేముంది, రేపు తెద్దువుగాని.”

“అంతేనంటావా అల్లుడూ?”

“ఎద్దు అడిగితే నేను చెప్తాగా!”

తాగిన ఎలుగు కొండెక్కుతుందా? లేచి నిలబడ్డమే గగనం. నెల తిరిగేసరికి ఎద్దు పాకలో నేలవేము పుల్ల కూడా లేదు.

సరిగ్గా అప్పుడే లేడి తన పిల్లను మోసుకుని పరుగెత్తుకొచ్చింది. “తాతా, నాలుగు రోజులుగా బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది. నీళ్ళు కూడా మింగడం లేదు. ఒక్క గుక్క కషాయం పొయ్యి.”

ఎద్దు ఖాళీ చట్టి చూపించింది. తల్లినీ పిల్లనూ వెంటబెట్టుకుని నేరుగా తోపుకెళ్ళి, పిల్లను ఎలుగు ముందు పడుకోబెట్టింది.

“నువ్వు తాగినవి తొంభై దొప్పలు. దీనికి కావాల్సింది ఒక్క కట్ట.”

ఎలుగు చేతిలో దొప్ప జారిపోయింది. తూలుతూ, పడుతూ, మోకాళ్ళు చెక్కుకుపోతూ కొండెక్కింది. పొద్దువాలేలోగా కట్ట తెచ్చింది. తెల్లారేసరికి పిల్ల తల్లి పాలు వెతుక్కుంది.

“ఇకమీదట కట్ట ముందు, దొప్ప వెనక,” అంది ఎద్దు.

కొండెక్కి దిగిన ఎలుగుకీ మిగతావాళ్ళకీ కల్లు కంటే కునుకే తియ్యగా ఉండేది. నక్క కుండ పులిసిపోయింది. పారబొయ్యడానికి మనసొప్పక అంతా తనే తాగేసింది, ఆ ఏడేనుగుల కుండ! పొట్ట గుమ్మడికాయై, ఎద్దు పాకకి దొర్లుకుంటూ వచ్చింది.

“తాతా, కషాయానికి ఏమిచ్చుకోను?”

“కషాయం ఊరికేరా. తాగు.”

నక్క ముసిముసిగా నవ్వుకుంది.

“లేచాక మాత్రం కొండెక్కు,” అంది ఎద్దు. “తాగింది కుండెడు. దొప్పకో కట్ట.”

ఆ నక్క ఇంకా ఎక్కుతూనే ఉంది. నిన్న నా కళ్ళతో చూశాను.

సుంకం దొప్ప దగ్గర అడగాలి, రోగి మంచం దగ్గర అడక్కూడదు.

ఒరే తమ్ముడూ, అప్పలకొండా! ఆ చుట్ట అప్పుడే అంటించకు. పక్కింటి పైడమ్మకి జ్వరం. ఈ కషాయం చల్లారకముందే ఇచ్చిరా. వచ్చాక కాల్చుకుందువుగాని.