నెమరు వేయని మధ్యాహ్నం

ఎర్రమెట్ట అడవిలో ఆ ఏడు పని లేని జంతువంటూ లేదు. ఈ మాట నాది కాదు, మంత్రి జంబయ్యది. జంబయ్య నక్క. నక్కలే మంత్రులెందుకవుతాయని అడగకండి. సింహాలకు లెక్కలు రావు కనక.

వాన మొహం చాటేసి ఏడాది దాటింది. వాగు ఎండిపోయి ఇసుక తేలింది. అయినా జంబయ్య కొలువులో తోక ఊపుకుంటూ నిలబడ్డాడు.

"ప్రభూ, మిట్టమధ్యాహ్నం బండ మీద కూర్చుని నేనే స్వయంగా లెక్కపెట్టాను. పదింట తొమ్మిది జంతువులు పనిలో ఉన్నాయి. వానలు బాగా పడ్డ రోజుల్లో ఆ వేళకి సగం కూడా ఉండేవి కావు. ఇప్పుడు ముసలీ ముతకా, పిల్లా జెల్లా, అందరూ కాళ్లకు బలపం కట్టుకుని తిరుగుతున్నారు. తమ ఏలుబడిలో సోమరితనం చచ్చిపోయింది."

మృగరాజు జూలు విదిలించుకున్నాడు. పొగడ్త ఎవరికి చేదు?

"అయితే ఏం చేద్దామంటావు?"

"ఇప్పపూల గుహ ఉంది కదా ప్రభూ. అందరికీ పని ఉన్నప్పుడు అది మనకెందుకు? రేపు అవతలి కొండ ఎలుగుబంట్లకు ఇచ్చేద్దాం. ఎర్రమెట్టలో తిండి మిగిలిపోయి దానం చేస్తున్నారని పది కొండల్లో చెప్పుకుంటారు."

"కానియ్," అన్నాడు రాజు.

ఆ గుహ సంగతి కాస్త చెప్పాలి. ఇప్పపూలు రాలే రోజుల్లో మేత మేసే ప్రతి జంతువూ తినగలిగినన్ని తిని, ఒక నోటెడు పూలు తెచ్చి గుహలో పడేయాలి. తాతలనాటి కట్టుబాటు అది. కరువొచ్చిన ఏడు రాజు గుహ తెరిపించి అందరికీ పంచాలి. కాపలా మంత్రిది. అందుకే "కానియ్" అన్న మాట వినగానే, కొలువులో వెనక నిలబడ్డ ముసలి అడవిదున్న భూమన్నకు దూడలు గుర్తొచ్చాయి. వాళ్ల మందలో కొత్తగా పుట్టిన దూడలకు తల్లుల దగ్గర పాలు లేవు. ఆ గుహ తప్ప వాటికి వేరే దిక్కు లేదు.

భూమన్న నోరు లేనివాడు. బయటికొచ్చి ఒక ఎండు మానుకి బెరడు గీకడం మొదలుపెట్టాడు. అక్కడే ముంగిస కనబడింది. కన్నం కనిపిస్తే ముక్కు పెట్టి చూడందే కాలు కదపదు కాబట్టి అడవిలో అందరూ దాన్ని ఆరాలమ్మ అంటారు. అసలు పేరు దానికే గుర్తుందో లేదో.

"భూమన్న మామా, ఏం చేస్తున్నావు?"

"పనిలో ఉన్నానమ్మా."

"ఈ వేళప్పుడు నిన్ను పనిలో నేనెప్పుడూ చూడలేదే. నీడన పడుకుని కళ్లు మూసుకుని దవడలాడిస్తుండేవాడివి."

"నెమరు వెయ్యాలంటే లోపల ఏదో ఒకటి ఉండాలి గదమ్మా. పొద్దున్నించి రెండు కోసులు నడిస్తే దొరికిన గడ్డి నాలిక తడపడానికి చాల్లేదు. మళ్లీ నడవాలి. క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు."

"మరి జంబయ్య లెక్కలో నువ్వు పనిలో ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే. మొన్న పుట్టిన దూడ తల్లి వెనకాల నడుస్తోంది కదా, దాన్ని కూడా కలిపే ఉంటాడు."

ఆరాలమ్మ వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. ఆలోచన తగిలితే దానికి అదే అలవాటు.

"అంటే లెక్క అబద్ధం కాదు. అదీ తమాషా. నిజమైన లెక్కలోంచి తప్పుడు మాట ఎట్లా పుట్టింది మామా? రాజుగారికి నువ్వే చెప్పకపోయావా?"

"ఆయన గడ్డి తినడు తల్లీ. నెమరంటే ఆయనకేం తెలుస్తుంది?"

"అయితే ఆయనకు తెలిసినదాంతోనే అడిగి చూస్తాను," అని ముంగిస గబగబా రాజు గుహకు పోయింది.

రాజు భోంచేసి వాలి ఉన్నాడు. పక్కన జంబయ్య.

"ప్రభూ, ఒక్క సందేహం."

"నీకు ఒక్కటితో ఎప్పుడు తీరింది? సరే, అడుగు."

"తమరు రోజుకి ఎంతసేపు వేటాడతారు?"

"ఆకలేసినప్పుడే. మంచి వేట పడితే మర్నాడు కూడా నిద్రే."

"పొద్దస్తమానం వేటాడిన రోజులున్నాయా?"

రాజు గొంతు తగ్గింది. "ఒక ఏడు ఉంది. అప్పటికి నేనింకా రాజును కాను. పగలూ రాత్రీ తిరిగినా ఏమీ దొరికేది కాదు. తొండల్ని తిన్నాను. ఈ మాట బయట అనకు."

"అనను. కానీ ఆ ఏడు మంత్రిగారు లెక్కపెడితే, తమరు పనిలో ఉన్నట్టా, లేనట్టా?"

రాజు జంబయ్య వైపు తిరిగాడు. జంబయ్య కల్పించుకున్నాడు.

"చూశారా ప్రభూ, పని చెడ్డదంటోంది ఇది."

"రామరామ, నేనెందుకంటాను మంత్రిగారూ? చెట్టూ చేమా పచ్చగా ఉన్న ఏడు ఇంతమంది పనిలో ఉంటే నేనూ గంతులేసేదాన్ని. ఇది ఏ రకం పనో చూడాలని నా ఆరాటం. తమరే మళ్లీ లెక్కపెట్టండి, రాజుగారు పక్కన కూర్చుని చూస్తారు."

తన లెక్క మీద జంబయ్యకు గట్టి నమ్మకం. ఉషారుగా ముందు నడిచి బండెక్కాడు.

"అదుగో భూమన్న, పని. ఆ దుప్పులు, పని. ఆ కుందేలు వేళ్లు తవ్వుతోంది, అదీ పనే..."

రాజు మొదటిసారి తేరిపార చూశాడు. భూమన్న డొక్కలో ఎముకలు బయటికే కనిపిస్తున్నాయి. దుప్పులు ఎండు కొమ్మలు వాసన చూసి వదిలేసి ముందుకు పోతున్నాయి. ఒక దూడ నడుస్తూ నడుస్తూ పడింది, లేచింది, మళ్లీ పడింది. తల్లి ఆగలేదు. ఆగితే తనకూ మేత దొరకదు. తొండల్ని తిన్న ఏడు రాజుకి బాగా గుర్తొచ్చింది.

ఎండ వెచ్చగా ఉంది, గాలి చల్లగా ఉంది. "పని... ఇదీ... పనే..." అంటూ జంబయ్య గొంతు సాగింది. కాసేపటికి గురక వినిపించింది.

"ప్రభూ, పని లేనివాడు దొరికాడు," అంది ఆరాలమ్మ మెల్లగా. ఊరుకోలేక మంత్రి నోటి దగ్గర ముక్కు పెట్టి చూసింది. "ఈ కమ్మటి వాసన ఏమిటో తమరే చెప్పాలి."

రాజు వంగి వాసన చూశాడు. ఇప్పపూల వాసన ఎరగని జంతువు ఆ అడవిలో లేదు. కంచే చేను మేస్తోంది.

"కోటి విద్యలూ కూటి కొరకే అంటారు," అన్నాడు రాజు. "కూడు దొరికినవాడొక్కడే విద్యలన్నీ మానేసి పడుకున్నాడు."

అని ఒక్క గర్జన గర్జించాడు. జంబయ్య "పని, పనే" అంటూ ఉలిక్కిపడి లేచి బండ మీంచి దొర్లాడు.

గుహ తెరిచి చూస్తే పూల కుప్పలో ఒక పక్క పెద్ద గుంత ఉంది. ఎలుగుబంట్లు వచ్చి మొత్తం ఊడ్చుకుపోతే ఆ గుంత ఎవరి కంటా పడదని మంత్రి ఎత్తు. మిగిలిన పూలు ఆ సాయంత్రమే పంచారు. భూమన్న తన వంతు ముట్టుకోకుండా ముందు దూడల తల్లులకు తోశాడు. అవి తింటుంటే చూస్తూ ఏడ్చాడు.

జంబయ్యకు మంత్రి పదవి ఊడింది. లెక్క పెట్టే చాకిరీ మాత్రం రాజు అతనికే ఉంచాడు. పూలు తిని అడవి కాస్త తేరుకున్నాక పిలిచి అడిగాడు.

"లెక్క ఎట్లా ఉంది?"

"దారుణంగా పడిపోయింది ప్రభూ. మిట్టమధ్యాహ్నం సగానికి సగం నీడన పడుకుని దవడలాడిస్తున్నారు."

"చల్లని మాట చెప్పావు. ఆ పడుకున్నవాళ్లలో నువ్వున్నావా?"

నక్క బక్కచిక్కిన కాళ్ల వైపు చూసుకున్నాడు. "లేను ప్రభూ. వాగు ఇసుకలో ఎండ్రకాయల కోసం తవ్వుకుంటున్నాను. పొద్దున్నించీ పనిలోనే ఉన్నాను."

నీతి: ఎందరు పనిలో ఉన్నారో లెక్క చెబుతుంది, ఎందుకున్నారో కడుపును అడగాలి.